వస్తాదు వీపు

గోదాము అడగడానికి వచ్చిన రోజున ఆయన చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. నౌకాదళంలో పనిచేసి రిటైరై బందరు వచ్చిన మనిషి, నాకంటే వయసులో చిన్నవాడు. జియుజిత్సు నేర్పుతానని, దానికి ఎండా వానా పడని విశాలమైన చోటు కావాలని, మా గోదాము ఖాళీగానే ఉంది కదా అని, ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

ఆ గోదాము మా తాతగారి కాలంలో కట్టింది. నందివాడ, బంటుమిల్లి వైపు నుంచి ధాన్యం బళ్ళు వచ్చి దాని ముందు బారులు తీరేవట. నా కాలానికి అందులో గబ్బిలాలు, ఒక తుప్పుపట్టిన కాటా, ఎప్పటికీ పోని ఊక వాసన మిగిలాయి. మా మేడ చేతులు మారి ఇప్పుడు కల్యాణ మండపమైంది. అక్కడ జరిగే పెళ్ళిళ్ళకు నాకూ శుభలేఖలు వస్తుంటాయి. వెళ్తాను, అక్షింతలు వేస్తాను, భోంచేసి వస్తాను. నా మేనత్త పడుకున్న గదిలో ఇప్పుడు పెళ్ళికూతుళ్ళకు జడలు వేస్తున్నారు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. మా ఇంట్లోవి కొనదగినవన్నీ ఎవరో ఒకరు కొనుక్కున్నారు. నడుము నిటారుగా పెట్టి నడిచే నడక మాత్రం నా దగ్గరే ఉంది.

"అద్దె అక్కర్లేదు. ఒక్కటే షరతు. నేను కూడా నేర్చుకుంటాను" అన్నాను.

ఆయన నా చెంపల మీది తెల్లవెంట్రుకల వంక చూశాడు. "మీరాండీ?"

"నేనే."

ఆ షరతు వెనక ఒక కథ ఉంది. మా పాత లోగిలి వెనక ఒకప్పుడు కుస్తీ గోదా ఉండేది. విజయదశమికి గుడివాడ నుంచి, దివిసీమ నుంచి వస్తాదులు వచ్చి పట్లు పట్టేవారు. మా పెద్దవాళ్ళు పేము కుర్చీల్లో కూర్చుని చూసేవారు. అన్ని జోడీలూ అయిపోయాక చివరి పట్టు ఇంటి వారసుడిది. పసివాడికి లంగోటీ కట్టి, ఒంటికి ఎర్రమట్టి పూసి, ఆ ఏడు గెలిచిన వస్తాదు ముందు నిలబెట్టేవారు. మా నాన్నగారు ఆరేళ్ళప్పుడు గిలకలదిండి వస్తాదును వెల్లకిలా పడేశారని మా నాయనమ్మ చెప్పేది. జనం ఈలలు వేశారట. వస్తాదుకు కొత్త పంచెల చాపు పెట్టారట. ఆ కథ చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు మారిపోయేది. పెద్దయ్యాక నేను ఆ కథను తరచి చూడలేదు. ఇంట్లో మిగిలినవే తక్కువ; వాటిని గీకి చూడటం ఎందుకు?

నా కాలానికి గోదా లేదు. నాకు ఎవరూ లంగోటీ కట్టలేదు. అందుకే మా చూరు కింద మళ్ళీ మనుషులు పట్లు పడతారంటే, ఈసారి కుర్చీలో కూర్చుని చూడదలుచుకోలేదు. కింద, వాళ్ళతోపాటు, వాళ్ళ చెమటలో ఉండాలనుకున్నాను.

ఖరీదైన పరుపులు కొనే స్థితిలో ఎవరూ లేరు. గోదాము నేల మీద ఊక మెత్తగా పరిచి, దాని మీద పాత బస్తాలు కుట్టి వేసి, పైన చెరువులకు వాడే మందపాటి పట్టా లాగి కట్టారు. పడితే దెబ్బ తగలదు, కానీ చప్పుడు గట్టిగా వచ్చేది. మొదటి రోజు మాస్టారు మమ్మల్ని దాని మీద కూర్చోబెట్టి మాట్లాడాడు.

"ఇది సినిమా ఫైటింగు కాదండీ. మీకంటే బలమైనవాడు మీ మీద పడితే, నేల మీద వాడి కింద ఉండి కూడా ఊపిరి తీసుకుంటూ, భయపడకుండా, వాడి చేతినో మెడనో దొరకబుచ్చుకోవడం. అంతే. బయట మీ కాలరు పట్టుకునేవాడికి మీ ఇంటిపేరు తెలియదు, మీ ఉద్యోగం తెలియదు. వాడికి తెలిసేది మీ పట్టు ఒక్కటే."

తరవాత నియమం చెప్పాడు. అవతలివాడి పట్టులో చిక్కి, ఇక బయటపడలేననుకున్నప్పుడు అరచేత్తో నేలను గానీ వాడి ఒంటిని గానీ రెండుసార్లు కొట్టాలి. కొట్టిన మరుక్షణం వాడు వదిలెయ్యాలి. కొట్టేదాకా వదలకూడదు. "యోధుడంటే ఓడనివాడు కాదు. ఓడిన సంగతి టైముకి గుర్తుపట్టినవాడు. చెయ్యి కొట్టినవాడు రేపు మళ్ళీ వస్తాడు. కొట్టనివాడు ఆస్పత్రికి వెళ్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు జోడీగా గిలకలదిండి మనిషిని పెట్టాడు. నా ఈడువాడే. వాళ్ళది సముద్రం మీద వేటకు వెళ్ళిన కుటుంబం. ఇప్పుడు అన్నదమ్ములకు పడవలున్నాయి, రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఈవాళ మా ఇంటికంటే వాళ్ళిల్లే పెద్దది. అయినా నన్ను చూడగానే చేతులు కట్టుకుని, "మీతో నేనాండీ, బాబుగారూ?" అన్నాడు.

"పట్టా మీద బాబుగారూ లేదు, అండీ లేదు" అన్నాడు మాస్టారు.

"నోరు తిరగదు మాస్టారూ. చేతులతో అనమంటే అంటాను" అన్నాడు అతను. మళ్ళీ నవ్వులు.

ఆ మొదటి రోజే నా కుడిచెయ్యి అతని కాళ్ళ మధ్య ఇరుక్కుంది. మోచెయ్యి నిదానంగా వెనక్కి వంగుతోంది. ఎడమచెయ్యి ఖాళీగా నేల మీద ఉంది. రెండు దెబ్బలు వేస్తే అయిపోయేది. కానీ మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ నేల కొట్టలేదు. భుజంలో ఏదో కదిలినట్టయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం లేవలేదు. చివరికి అతనే వదిలేశాడు. మాస్టారు వచ్చి నా భుజం తడిమి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ మౌనాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఆ సాయంత్రం సుద్దముక్క పైకెత్తలేకపోయినా లోపల ఒక వెలుగు వెలుగుతూనే ఉంది.

ఆ తరవాత ఉదయాలు అలవాటయ్యాయి. తెల్లవారగానే గోదాము తలుపు నేనే తీసేవాణ్ణి. కాలేజీ ఉంటుంది కాబట్టి అందరికంటే ముందు నేను వెళ్ళిపోయేవాణ్ణి. వాళ్ళు ఇంకాసేపు ఉండేవారు. నెలలు గడిచేకొద్దీ నా ఒళ్ళు దారికి వచ్చింది. కాలరు పట్టుకున్నవాడి చేతిని నా ఛాతీకే అదిమి, పక్కకు తిరిగి, నడుము లోపలికి దూర్చి పడెయ్యడం నాకు బాగా కుదిరింది. మాస్టారు దాన్ని "సార్ పట్టు" అనేవాడు. గిలకలదిండి మనిషి నా నడుము మీదుగా ఎగిరి పట్టా మీద ధబేలున పడేవాడు. గోదామంతా మోగేది. "అబ్బ, నడుం పోయిందండీ బాబుగారూ" అనేవాడు లేస్తూ. మెడ పట్టు వేస్తే అరచెయ్యి పట్టా మీద టపటపా కొట్టేవాడు.

అతనికి ఎప్పుడూ రొప్పు వచ్చేది కాదు. సముద్రం గాలి పీల్చినవాళ్ళ గుండెలు అంతేననుకున్నాను.

నా సాధన అయ్యాక, నేను బయల్దేరేముందు కాసేపు అతనూ నేనూ గోదాము అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. నాకు స్నేహితులు తక్కువ. మా ఇంటి పాత వైభవం తెలిసినవాళ్ళు జాలిపడతారు, తెలియనివాళ్ళు నా వీపు చూసి పొగరనుకుంటారు. అతను రెండూ చెయ్యలేదు. ఐసు దిమ్మల గురించి, రేవులో పూడిక గురించి, వాళ్ళావిడ వండే పండుగప్ప పులుసు గురించి చెప్పేవాడు. ఒకనాడు నేను అతనికి మా నాన్నగారి కుస్తీ కథ చెప్పాను. ఆరేళ్ళ పిల్లవాడు వస్తాదును వెల్లకిలా పడేసిన సంగతి. అంతకుముందు ఇంటి బయటివాళ్ళకు నేను ఎన్నడూ చెప్పని కథ అది.

అతను శ్రద్ధగా విన్నాడు. కాలి వేలికి అంటుకున్న ఊక దులుపుకుంటూ, "అవునండీ. మేమూ విన్నాం" అన్నాడు.

ఊరంతా చెప్పుకున్నారన్నమాట అనుకుని పొంగిపోయాను.

కొత్తగా చేరినవాళ్ళు నడుముకు తెల్ల పట్టీ కట్టాలి, ఆ మెట్టు దాటితే నీలం. నాకు నీలం పట్టీ ఇచ్చిన రోజు మాస్టారు దాన్ని స్వయంగా నా నడుముకు కట్టాడు. కొత్త పట్టీ బిరుసుగా ఉండి ముడి నిలవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. గిలకలదిండి మనిషి అందరికంటే గట్టిగా కొట్టాడు. ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను. ఆవిడ దాన్ని చేత్తో తడిమి, మడతపెట్టి, "పోన్లెండి, దీన్ని ఎవరూ బేరమాడరు" అంది. మా ఇంట్లో అంతకంటే పెద్ద ప్రశంస ఉండదు. నాకు పేరు వచ్చింది, ఇల్లు వచ్చింది, పోయింది. అన్నీ ఎవరివల్లో వచ్చాయి, ఎవరివల్లో పోయాయి. ఈ పట్టీ ఒక్కటే నా మోచేతులతో, నా ఊపిరితో తెచ్చుకున్నది. నాకు తాతలు లేకపోయినా అది నాదే అయ్యేదని నమ్మాను.

దివిసీమలో, నాగాయలంక దగ్గర, మాకు మిగిలిన పొలం చెక్క ఒకటుంది. వరి వేస్తారు. ఆ ఏడాది మా కౌలు రైతు ఫోన్ చేశాడు. పక్కన కొత్తగా తవ్విన రొయ్యల చెరువువాళ్ళు మోటారు పెట్టి ఉప్పునీళ్ళు మా పొలానికి నీరు పారే పంటబోదెలోకి వదులుతున్నారని, ఆకుల కొనలు ఎర్రబారుతున్నాయని. ఆదివారం చూసి వస్తానన్నాను. సంగతి విని గిలకలదిండి మనిషి, "ఐసు వ్యాను అటే వెళ్తుందండీ, నేనూ వస్తాను" అన్నాడు.

మేం వెళ్ళేసరికి మోటారు ఆడుతూనే ఉంది. గట్టు మీద చెరువు కాపలా చూసే సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మెడ, భుజాలు ఒకటే దిమ్మలా ఉన్నాయి. నేను మర్యాదగానే చెప్పాను. నీళ్ళు మురుగుబోదెలోకి వదలాలి, పంటబోదెలోకి కాదు అని.

"ఏంటి పంతులుగారూ, క్లాసు తీసుకుంటున్నారా?" అన్నాడు అతను. "గట్టు జారుద్ది. ఇస్త్రీ చొక్కాకి మట్టంటుద్ది. వెళ్ళండి, మీ రైతుని పంపించండి."

"ఈ పొలం నాది. మోటారు ఆపు" అన్నాను.

"నాది, నాది. ఈ లంకలన్నీ మావేననేవాళ్ళు చాలామంది వచ్చి చూసుకుని వెళ్తుంటారు."

నేను మోటారు దగ్గరికి నడిచాను. అతను అడ్డం వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

భయం వెయ్యలేదు. ఆ మాట చెప్పుకోవాలి. ఇలాంటి క్షణం కోసమే ఇన్నాళ్ళూ ఊక మీద దొర్లానని, ఒళ్ళు సిద్ధంగా ఉందని తెలిసి లోపల ప్రశాంతంగా ఉంది. అతని చేతిని నా ఛాతీకి అదిమాను. పక్కకు తిరిగాను. నడుము దూర్చాను. లాగాను.

అతను కదల్లేదు. తలుపు గడియ లాగినట్టు కూడా లేదు, గోడను లాగినట్టుంది. మళ్ళీ లాగాను. "ఏం చేస్తున్నారండీ?" అన్నాడు అతను, నిజంగానే అర్థంకాక. తరవాత కాలరు పట్టుకున్న చేత్తోనే ఒక్క తోపు తోశాడు. నేను గట్టు మీంచి జారి బోదెలో పడ్డాను. మోకాళ్ళదాకా బురద, నోట్లో ఉప్పునీళ్ళు.

ఆ బురదలోంచే చూశాను. గిలకలదిండి మనిషి వంగి, రెండడుగుల్లో సూపర్‌వైజరు నడుము పట్టుకున్నాడు. ఒక కాలు అతని మడమ వెనక పెట్టాడు. అంత మనిషి చంటిపిల్లవాణ్ణి ఉయ్యాల్లో వేసినట్టు వెల్లకిలా నేలకు దిగాడు. దెబ్బ తగలకుండా అతని తల కింద ఒక చెయ్యి కూడా పెట్టాడు. ఆ తరవాత ఛాతీ మీద మోకాలు ఆనించి, మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. అతను గింజుకున్నకొద్దీ ఇతను ఇంకాస్త బరువయ్యాడు. దానికి పట్టిన సమయం నేను నోట్లో నీళ్ళు ఊసినంత.

"ఊపిరి తీసుకో బావా" అంటున్నాడు. "తిట్టుకో, పర్లేదు. ముందు ఊపిరి తీసుకో. నీళ్ళ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం."

అలాంటి పట్టు నేను మా గోదాములో ఒక్కనాడూ చూడలేదు. ఇన్ని నెలలు ప్రతి ఉదయం ఆ ఒంటిని నేను ఎత్తి పడేశాను. ఇప్పుడు చూస్తుంటే ఆ ఒంటిని నేను ఎన్నడూ ముట్టుకోనే లేదని తెలుస్తోంది.

మోటారు ఆగింది. సూపర్‌వైజరు లేచి, ప్యాంటు దులుపుకుని, ఇతన్ని "అన్నా" అని పిలిచి గొట్టం మురుగుబోదె వైపు తిప్పించాడు. పొలం సంగతి అలా తేలిపోయింది. నేను కౌలు రైతు ఇచ్చిన లుంగీ కట్టుకుని వ్యానులో కూర్చున్నాను.

పులిగడ్డ దాటాం. చల్లపల్లిలో టీ కోసం ఆగాం. అతను బల్ల మీద ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

ఏమిటని అడగలేదు. గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "మొదట్నుంచీనండి."

"అందరూనా?"

"మాస్టారు చెప్పారండి. మొదటిరోజు మీరు చెయ్యి కొట్టలేదు కదా. భుజం ఊడొచ్చేదండి ఇంకాస్తయితే. ఈయన కొట్టరు, ఎవరి చేతుల్లోనో ఏదో ఒకటి విరుగుద్ది, ఆ తరవాత ఈయన రారు, గోదామూ ఉండదు అన్నారు. మీరు వెళ్ళిపోయాక మేం అసలుది చేసుకునేవాళ్ళం."

మీరు వెళ్ళిపోయాక. ఆ మాట దగ్గర నా టీ చల్లారిపోయింది.

"నీకు తప్పనిపించలేదా?"

"అలవాటేనండి మాకు" అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "మీ నాన్నగారి ముందు నేలకు వీపు ఆనించిన వస్తాదు మా తాతేనండి."

నేను తలెత్తాను.

"మా తాత చెప్పేవాడు. గెలవడం ఏముందిరా, ఎవడైనా గెలుస్తాడు, పడ్డం కష్టం అని. పిల్లోడి మోచెయ్యి బెణక్కూడదు, జనానికి నిజంగా పడ్డట్టుండాలి, కుర్చీల్లో ఉన్నవాళ్ళకి మనం నవ్వుతున్నట్టు కనపడకూడదు. ఆ ఏడాది జిల్లాలో అంత శుభ్రంగా పడ్డవాడు లేడని చెప్పుకునేవాడు. మా ఇంట్లో అది గొప్పేనండి."

"అరుగు మీద నేను ఆ కథ చెప్పినప్పుడు నువ్వు చెప్పలేదు."

"మీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదండి."

అతను చెడ్డవాడు కాదు. అది నాకు ఆ బల్ల దగ్గర కూడా తెలుసు. శత్రువు మోసం చేస్తే తిట్టుకుని లేచి నడుస్తాం. నా మంచి కోరినవాళ్ళందరూ కలిసి, నా ఎముకలు విరగకూడదని, నా మనసు నొచ్చుకోకూడదని, నా చుట్టూ చేరి నన్ను మోసం చేశారు. కుర్చీలో కూర్చోనని కిందికి దిగితే, నేను దిగిన చోటికే కుర్చీ తెచ్చి వేశారు. ఒక్క మధ్యాహ్నంలో నా పట్టీ పోయింది. దానితోపాటు మా నాన్నగారి ఆరేళ్ళ విజయం కూడా పోయింది. ఆయన పోయేదాకా దాన్ని నమ్మారు.

మర్నాడు మాస్టారిని అడిగాను. ఆయన తల దించుకోలేదు. "సార్, కొట్టనివాడికి ఎలా నేర్పాలో నాకు తెలియలేదు. మీ చెయ్యి కాపాడాను" అన్నాడు.

"బయటివాడికి నా ఇంటిపేరు తెలియదన్నావు."

"నిజమే సార్."

"మరి ఇక్కడ ఎందుకు తెలిసింది?"

 గోదాములో మిగతావాళ్ళంతా పట్టా తాళ్ళు బిగిస్తున్నట్టు నటిస్తున్నారు.

గిలకలదిండి మనిషిని పట్టా మీదికి పిలిచాను. "ఈవాళ నిజంగా చెయ్యి. నేను చెబుతున్నాను" అన్నాను. నిజమైన పట్టు కోసం కూడా నేను ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది.

"వద్దండీ బాబుగారూ."

"చెయ్యి."

చేశాడు. నేను కింద ఎప్పుడు పడ్డానో తెలియలేదు. వెనకనుంచి అతని ముంజెయ్యి నా గొంతు కిందికి వచ్చి కూర్చుంది. ఐసు దిమ్మలు మోసిన చెయ్యి. గోదాము పైకప్పు రేకుల్లోని చిల్లులు వెలుగుతూ కనిపించాయి, తరవాత ఆ వెలుగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోసాగాయి. నా అరచెయ్యి పట్టా మీద తెరుచుకుని ఉంది. చుట్టూ వాళ్ళందరూ ఉన్నారు. నన్ను కాపాడినవాళ్ళు. వాళ్ళ ముందు ఆ చెయ్యి లేవదు.

పట్టు సడలింది.

దగ్గు ఆగాక అడిగాను. "ఎందుకు వదిలావు? నేను కొట్టలేదు."

"మీరు కొట్టరండీ" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వదలకపోతే ఏం చెయ్యమంటారు, చంపమంటారా?"

"మళ్ళీ" అన్నాను.

మళ్ళీ పట్టాడు, మళ్ళీ వదిలేశాడు. ఈసారి ఇంకా ముందే. అప్పుడు అర్థమైంది. ఈ చూరు కింద నాకు ఓడిపోవడం కూడా దొరకదు. వీళ్ళు ఇవ్వలేరు, నేను తీసుకోలేను. పట్టీ విప్పి, మడత పెట్టి, పాత కాటా మీద పెట్టాను. గోదాము తాళంచెవి మాస్టారు చేతిలో పెట్టాను.

"సార్, మేం ఖాళీ చేస్తాం" అన్నాడు.

"ఇచ్చింది తిరిగి తీసుకోవడం మా ఇంట్లో లేదు" అన్నాను. ఆ ఒక్క మాటకైనా తాతలను వాడుకునే హక్కు నాకుంది అనిపించింది.

మా ఆవిడ రెండు రోజులు ఏమీ అడగలేదు. మూడోనాడు అన్నం వడ్డిస్తూ, "ఆ నీలం గుడ్డ ఏదండీ?" అంది. చెప్పాను. ఆవిడ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది. "అయితే అది మనది కాదన్నమాట" అంది. పెరుగు వేసింది.

గుడివాడలో కూడా ఒకచోట నేర్పుతారని తెలిసింది. కల్యాణ మండపమూ గోదామూ కాదు, టైర్ల షాపు మీద అంతస్తు. ఆదివారం బస్సెక్కి పామర్రు మీదుగా వెళ్ళాను. పేరడిగితే ఇంటిపేరు లేకుండా చెప్పాను. నా సంచిలో తెల్ల పట్టీ ఉంది, బజార్లో కొత్తగా కొన్నది.

అక్కడ నా జోడీ ఎరువుల కొట్టు నడిపే మనిషి. పొట్ట ఉంది, నోట్లో ఇంకా వక్కపొడి ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏం మావయ్యా, బీపీ, షుగరు ఏమీ లేవు కదా? తరవాత మీ పిల్లలు వచ్చి నా మీద పడతారు" అన్నాడు.

"లేవు. కానివ్వు" అన్నాను.

కానిచ్చాడు. నేను కాలరు పట్టాను, అతను వదిలించుకున్నాడు. తిరిగాను, నడుము దూర్చాను, లాగాను. అతను పక్కకు అడుగు వేసి, నా వేగంతోనే నన్ను నేలకు వేశాడు. వెల్లకిలా పడ్డాను. జీవితంలో మొదటిసారి నా వీపు మొత్తం, మెడ నుంచి నడుము దాకా, నేలకు ఆనింది. పైన అతని బరువు, వక్కపొడి వాసన, తిరుగుతున్న ఫ్యాను. ముంజెయ్యి గొంతు మీదికి వచ్చింది. వెలుగులు కలవసాగాయి. ఇతను వదలడు అని తెలుసు. ఇతనికి నేనెవరో తెలియదు. నా భుజం మీద జాలి లేదు, నా గోదాము మీద ఆశ లేదు, ఇతని తాత మా వాకిట్లో ఎప్పుడూ పడలేదు. వదలవలసింది నేనే.

నా చెయ్యి లేచి నేలను కొట్టింది. రెండుసార్లు. ఊక లేని గట్టి నేల, చప్పుడు చిన్నగానే వచ్చింది.

వెంటనే వదిలేశాడు. "లే మావయ్యా" అని చెయ్యి అందించాడు.

ఆ సంగతి గిలకలదిండి మనిషికి చెబుదామని చాలాసార్లు అనిపించింది. చెప్పలేదు. ఇప్పటికీ రేవు దారిలో ఎదురైతే వ్యాను ఆపి నమస్కారం పెడతాడు. నేనూ పెడతాను. "బాగున్నారా అండీ?" అంటాడు. "బాగున్నాను" అంటాను. అరుగు మీద ఊక దులుపుకుంటూ అతనితో కూర్చున్నట్టు ఆ తరవాత ఏ ఉదయమూ నేను ఎవరితోనూ కూర్చోలేదు. అతను నాకోసం పడినన్నిసార్లు నాకోసం ఎవరూ పడలేదు. దాన్ని క్షమించడం నాకు ఇంకా చేతకాలేదు.

ఆ ఆదివారం గుడివాడలో, గొంతు తడుముకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు, అక్కడి మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు. నా కూర్చునే తీరు, కాలరు పట్టిన తీరు చూసినట్టున్నాడు.

"ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకున్నారాండీ?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.